చూడ్డానికి ఎక్కిన రైలు

శేషమ్మ అహోబిలం దాటి ఎక్కడికైనా పోయిందంటే అది ఆళ్ళగడ్డ సంతకే. పెళ్ళై ఆ ఊరికి వచ్చినప్పటి నుంచి ఆమె పని యాత్రికులకు వండి పెట్టడం. భర్త రంగనాథం గుడిలో ఆళ్వారుల దివ్య ప్రబంధం చదివే సేవలో ఉండేవాడు. కొండ ఎక్కి దిగి అలసిపోయిన వాళ్ళు ఆయన ఇంటి అరుగు మీద కూలబడితే, లోపల శేషమ్మ పొయ్యి రాజేసేది. మద్రాసు నుంచి, మైసూరు నుంచి, ఇంకా పేర్లు కూడా నోరు తిరగని ఊళ్ళ నుంచి మనుషులు వచ్చేవాళ్ళు. తాము చూసినవన్నీ చెప్పేవాళ్ళు. ఆమె వింటూ పులిహోర కలిపేది.

మహానందమ్మ కూడా అట్లా వచ్చినదే. నంద్యాలలో బట్టల అంగడి నడిపే రామనాథం భార్య. ఎగువ అహోబిలం బాటలో రాయి మీద కాలు జారి మడమ బెణికింది. దిగువకు తీసుకుపోతామంటే ఒప్పుకోలేదు. డోలీ తెప్పించుకుని పైకి పోయి, స్వామిని చూసి, అప్పుడు దిగి వచ్చింది. ఆ కాలు మళ్ళీ నేల మీద మోపే దాకా శేషమ్మ ఇంటి పంచలోనే ఉంది. శేషమ్మ వెచ్చటి ఆముదం పట్టించి కట్టు కట్టేది. మహానందమ్మ పడుకున్న చోటు నుంచే చింతపండు ఈనెలు తీస్తూ, గింజలు ఏరుతూ, ఆపకుండా మాట్లాడేది. ఆమెకు మాట్లాడకపోతే పొద్దుపోదు. శేషమ్మకు వినడం అలవాటు. ఇద్దరికీ బాగా కుదిరింది. పోయే రోజున బండి ఎక్కుతూ, "నువ్వొకసారి మా ఊరికి రావల్ల శేషక్కా. రాకుంటే నా మీద ఒట్టే" అంది.

ఆ ఒట్టు తీరడానికి రెండేళ్ళు పట్టింది. ఈలోగా శేషమ్మ కొడుక్కి పెళ్ళై, కోడలు కనకవల్లి కాపురానికి వచ్చింది. ఆ ఏడు ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలు ముగిశాయి. యుద్ధం రోజులు కావడంతో యాత్రికులు కూడా పల్చబడ్డారు. ఒకనాడు రంగనాథం భోజనం చేసి చేయి కడుక్కుంటూ, "కోడలి చేతి వంట బాగానే ఉండాది. నంద్యాలకు పోవల్లంటివి గదా, పోయి రా" అన్నాడు.

శేషమ్మ తాను సరిగ్గా విన్నానో లేదో అనుకుంది. "యాడికి?" అని అడిగింది.

"నంద్యాలకే. వంట మాత్రం నీది నువ్వే చేసుకో" అన్నాడాయన.

మహానందమ్మ ఇంటి పెరట్లో ఆమె కోసం కొత్త పొయ్యి వేయించారు, కొత్త కుండలు తెచ్చి బోర్లించారు. ఆ మూలకు ఇంట్లో ఎవరూ పోకూడదని మహానందమ్మ గట్టిగా చెప్పింది. తాను మాత్రం కొంచెం ఎడంగా పీట వేసుకుని, శేషమ్మ వండుతున్నంతసేపూ కబుర్లు చెప్పేది. ఎండ తగ్గాక జట్కా కట్టించి ఊరు చూపించేది. వడ్లమిల్లుకు తీసుకుపోయింది. ఒక వైపు వడ్లు పోస్తే ఇంకో వైపు బియ్యం రాలుతుంటే, శేషమ్మ రోకలి పట్టి కాయలు కాచిన తన అరచేతులను చూసుకుని నవ్వింది. పెద్ద చర్చిని బయటి నుంచి చూశారు. టూరింగు టాకీసులో బొమ్మ చూశారు. అందులో హీరోయిన్ ఏడుస్తుంటే శేషమ్మ కూడా ఏడ్చింది, ఇంటికి వచ్చాక ఎందుకేడ్చిందో ఆమెకే గుర్తులేదు.

ఒక్కటి మాత్రం మహానందమ్మ చూపించలేదు. నంద్యాలకు చుట్టం వస్తే ఎవరైనా మొదట మహానందికి తీసుకుపోతారు. ఆ ఊరి పేరు కూడా ఆమె నోట రాలేదు. ఎందుకు రాలేదో శేషమ్మకు తెలుసు. తమ వైష్ణవుల ఇళ్ళలో వాళ్ళు శివుడి గుడి గడప తొక్కరు. పిలిస్తే కాదనవలసి వస్తుంది. అందుకే మహానందమ్మ పిలవలేదు, శేషమ్మ కూడా ఆ మాట కదపలేదు. అట్లాగే సెలవు రోజులన్నీ గడిచిపోయాయి.

చివరి రోజు పొద్దున మహానందమ్మ పీట మీద దిగులుగా కూర్చుంది. మరునాడు బస్సుకు శేషమ్మ పోవాలి.

"ఇంగ ఈ ఒక్క దినమే. ఏం చూస్తావో చెప్పు."

"రైలు" అంది శేషమ్మ వెంటనే. "వచ్చినకాడి నుంచి కూత వింటాండా. ఒగసారి దగ్గిర నిలబడి చూడల్ల."

పనులు తెముల్చుకుని జట్కాలో స్టేషనుకు పోయేసరికి తూర్పుకు పోయే పాసింజరు వచ్చి నిలబడి ఉంది. శేషమ్మ ఇంజను దగ్గరకు పోయి చాలాసేపు కదలకుండా నిలబడింది. లోపల ఒకతను పారతో బొగ్గు ఎగదోస్తున్నాడు. మంట వెలుగు అతని ముఖం మీద పడుతోంది.

"ఏదో ఏనుగు మాదిరి ఉంటాదనుకుంటి" అంది శేషమ్మ. "ఇది పొయ్యే గదమ్మే! పొయ్యి మీద నీళ్ళు మరగబెడతాండారు, అంతే. పాపం ఆయప్పకు ఎంత సెగ కొడతాందో."

"పెట్టె లోపల కూడా చూద్దువు రా. ఇంజను నీళ్ళు తాగల్ల, ఇప్పట్లో కదల్దు" అని మహానందమ్మ ఆమె చేయి పట్టుకుని ఆడవాళ్ళ పెట్టెలోకి ఎక్కించింది.

శేషమ్మ చెక్క బల్ల మీద అంచున కూర్చుంది. తర్వాత కొంచెం లోపలికి జరిగింది. కిటికీ చువ్వలు పట్టుకుని చూసింది. మహానందమ్మ పైనున్న అరలు, మూలనున్న గొలుసు చూపించి, ఏది ఎందుకో తనకు తెలిసింది కొంత, తోచింది కొంత చెబుతోంది. ఇంతలో కూత పడింది. పెట్టె ఒక్కసారి ఊగింది. ప్లాటుఫారం మీది మనుషులు మెల్లగా వెనక్కి పోసాగారు.

"అయ్యో, పోతాంది! ఏమ్మే, పోతాంది ఇది!" అంటూ శేషమ్మ లేచి తలుపు వైపు ఉరికింది.

ఎదురుగా కూర్చున్న ఒకామె చటుక్కున లేచి ఆమె చేయి పట్టి వెనక్కి లాగింది. "దూకితే కాళ్ళు పోతాయమ్మా! కూచోండి."

ఆమె పేరు లూదియా, గిద్దలూరు బడిలో పంతులమ్మ. శేషమ్మ ఆమె చేతిని రెండు చేతులా పట్టుకుని కూర్చుండిపోయింది. మహానందమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఏం గాదు" అంది లూదియా. "ముందర గాజులపల్లె వస్తాది. ఆడ దిగండి. సాయంత్రం నంద్యాలకు పోయే బండి ఉండాది. చీకటి పడకముందే ఇల్లు చేరతారు."

ఆ మాటతో ఇద్దరికీ కొంచెం ప్రాణం కుదుటపడింది. అప్పటికి గానీ శేషమ్మ తాను పట్టుకున్న చేయి వదల్లేదు. వదిలి, "నొప్పి పెట్టిందేమో తల్లీ" అంది. లూదియా నవ్వి, "మీరు కిటికీ కాడికి జరగండి. ఎటూ ఎక్కితిరి, చూడండి" అంది.

శేషమ్మ చూసింది. గట్టు మీద ఒక రైతు సద్దిమూట విప్పుకుని కూర్చున్నాడు. ముద్ద నోటి దాకా ఎత్తాడు, అంతలో కనపడకుండా పోయాడు. "ఆయప్ప తిన్నాడో లేదో చూడనీలేదు" అని ఆమె అనగానే మహానందమ్మకు నవ్వు వచ్చింది. ఆ నవ్వు శేషమ్మకూ అంటుకుంది. గాజులపల్లె వచ్చేదాకా ఇద్దరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఉన్నారు.

దిగగానే స్టేషను మాస్టరు టికెట్లు అడిగాడు.

"టికెట్లు లేవు సామీ. మేము చూసేదానికి ఎక్కితిమి, పోయేదానికి గాదు" అంది మహానందమ్మ.

ఆయన ఒకసారి ఆమెను, ఒకసారి శేషమ్మ నుదుటి మీద నిలువుగా ఉన్న ఎర్రటి తిరుచూర్ణాన్ని, ఇద్దరి ఉత్త చేతులను చూశాడు. "సాయంత్రం బండికన్నా టికెట్ తీసుకోండమ్మా" అని లోపలికి పోయాడు.

ఎండ ముదిరింది. ఇద్దరూ వేపచెట్టు నీడన కూర్చున్నారు. స్టేషను వెనక ఒక బండివాడు అరటిగెలలు దించి, ఖాళీ బండికి ఎద్దులను కట్టుకుంటున్నాడు.

"ఆ బండి యాడికి పోతాందప్పా?" అని శేషమ్మ కేకేసి అడిగింది.

"మహానందికమ్మా. మాపటికి మళ్ళా వస్తా, రైలుకు గెలలు ఏసేదానికి."

మహానందమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది. "ఈడే కూచుందాం శేషక్కా. నీడుంది, తాగేదానికి నీళ్ళుండాయి."

శేషమ్మ బండి వైపు చూసింది. తర్వాత మెల్లగా అడిగింది. "ఇన్ని దినాలు నన్ను ఆడికి ఎందుకు పిలవలేదు?"

"పిలిస్తే నువ్వు రానంటావు. అది నీ తప్పు గాదు, మీ ఇంటి పద్ధతి. కానీ ఆ మాట నీ నోట వింటే నా మనసు ఒగ రకంగా ఐతాది. అందుకే పిలవలేదు." మహానందమ్మ నేల మీది వేపపుల్లను తీసి విరిచింది. "మా అమ్మ సంతానం కోసం మొక్కుకుని ఆ గుళ్ళో నిద్ర చేస్తే పుట్టినదాన్ని నేను. మా అమ్మానాయనా పోయి ఎన్నో ఏండ్లాయ. పుట్టిల్లు అని చెప్పుకునేదానికి నాకు అదొక్కటే మిగిలింది."

ఇంతగా మాట్లాడే మనిషి ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదని శేషమ్మకు అప్పుడు తట్టింది. పంచలో పడుకుని ఊరి కబుర్లన్నీ చెప్పింది గానీ, ఇది మాత్రం దాచుకుంది. తన మడి చూసే దాచుకుంది. కొత్త పొయ్యి, కొత్త కుండలు, దూరంగా వేసుకున్న పీట అన్నీ ఆమె కళ్ళ ముందు మెదిలాయి.

"లే" అంది శేషమ్మ.

"యాడికి?"

"కాలు బెణికినా మా సామిని చూడందే దిగనంటివి నువ్వు. మీ పుట్టింటికి ఇంత దగ్గిర వచ్చి వాకిలి చూడకుండా పోతే నేనేం మనిషిని? లే, బండి పోతాంది."

"మీ ఆయనకు తెలిస్తే?"

"తెలిసేదేంది, నేనే చెప్తా."

"ఒప్పుకుంటాడా?"

"చెప్తానంటి. ఒప్పుకుంటాడని యాడంటి?"

బండి అరటితోటల మధ్యగా పోయింది. బండివాడు సుబ్బరాయుడు కింద పరిచిన ఎండు అరటాకులు వాళ్ళ కింద కరకరమంటున్నాయి. ఎదురుగా నల్లమల కొండలు దగ్గరపడే కొద్దీ శేషమ్మ వాటిని తేరిపార చూసింది. "ఇవి మా కొండలే గదా" అంది. "అవేనమ్మా, అట్లే అహోబిలం దాకా పోతాయి" అన్నాడు సుబ్బరాయుడు. ఆ మాట ఆమెకు ఎంతో ధైర్యం ఇచ్చింది.

గుడి వాకిట మాత్రం ఆమె కాళ్ళు ఆగిపోయాయి. మహానందమ్మ ఆమెను ముందుకు లాగలేదు, వెనక్కి పోదామని కూడా అనలేదు. పక్కన నిలబడింది. చంటిబిడ్డనెత్తుకున్న ఒక కుటుంబం వాళ్ళను తోసుకుని లోపలికి పోయింది. శేషమ్మ కొంగు నిండుగా కప్పుకుని గడప దాటింది.

లోపల లింగం ముందు నిలబడ్డాక ఆమెకు ఏం చేయాలో తోచలేదు. నోటికి వచ్చిన పాశురాలూ స్తోత్రాలూ అన్నీ తమ స్వామివి. వాటిని ఇక్కడ చదివితే ఇద్దరు దేవుళ్ళకీ బాగుండదనిపించింది. పక్కన మహానందమ్మ కళ్ళు మూసుకుని ఉంది. ఆమె చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. అది చూశాక శేషమ్మకు మాట దొరికింది. స్నేహితురాలి పుట్టింటికి పోయినప్పుడు ఆ ఇంటి పెద్దాయనతో ఎట్లా మాట్లాడతారో అట్లాగే, పెదవులు మాత్రం కదిలిస్తూ చెప్పుకుంది. "మీ బిడ్డ బాగుంది నాయనా. ఇల్లు బాగా చూసుకుంటాంది. నన్ను కూడా బాగా చూసుకునింది. మోకాళ్ళు కొంచెం నొప్పులు ఆమెకు, అది ఒక్కటి చూసుకోండి. నేను పోయొస్తా."

పూజారి పళ్ళెం తెచ్చి ఇద్దరి చేతుల్లో విభూతి పెట్టి పోయాడు. శేషమ్మ అరచేయి తెరిచి అట్లాగే నిలబడింది. నుదుటి మీద తిరుచూర్ణం ఉంది. చేతిలోది కింద పారేయడానికి మనసు రాదు. పెట్టుకోవడానికి చేయి రాదు. మహానందమ్మ కళ్ళు తుడుచుకుని ఆమె వైపు చూసింది. ఏమీ అడగకుండా వేలితో శేషమ్మ అరచేతిలోని విభూతి అంతా తీసి తన నుదుటికే పెట్టుకుంది.

"నీ భాగం కూడా నాకే" అంది.

శేషమ్మ ఆ ఖాళీ అయిన చేత్తోనే మహానందమ్మ ముక్కు మీద రాలిన బూడిదను తుడిచింది.

బయట, గుడిలో నుంచి వచ్చిన ఊటనీళ్ళు కాలువగా పొలాల్లోకి పోతున్న చోట గట్టు మీద కూర్చున్నారు. కాళ్ళు నీళ్ళలో పెట్టారు. చైత్రమాసపు ఎండలో ఆ నీళ్ళు చల్లగా ఉన్నాయి. అడుగున ఇసుక రేణువులు కూడా లెక్కపెట్టొచ్చు అన్నంత తేటగా ఉన్నాయి. సుబ్బరాయుడు ఇచ్చిన అరటిపండ్లను మహానందమ్మ ఒలిచి ఒక్కొక్కటే అందించింది. శేషమ్మ తింటూ, "ఈ నీళ్ళతో కందిపప్పు వండితే ఎంత బాగా ఉడుకుతాదో" అంది.

"దేవుడి కాడికి వచ్చినా పప్పేనా?"

"నాకు తెలిసింది పప్పే గదమ్మే."

చేపపిల్లలు వచ్చి కాలివేళ్ళను పొడిచి పోతున్నాయి.

"మళ్ళా ఎప్పుడొస్తావు?" అని అడిగింది మహానందమ్మ.

"చెప్పలేను. కోడలు నీళ్ళోసుకుంటే మళ్ళీ నేనే పొయ్యి కాడ." శేషమ్మ అబద్ధం చెప్పదలుచుకోలేదు. "రాలేనేమో."

"అయితే నేనొస్తా. కాలు విరిగినా వస్తా."

"విరగ్గొట్టుకోకుండానే రా. ఊరికే వచ్చినా పంచలో చోటిస్తా" అని శేషమ్మ నీళ్ళలోనే తన కాలితో ఆమె కాలిని తాకింది.

సాయంత్రం బండిలో టికెట్లు తీసుకునే తిరిగి వచ్చారు. నంద్యాల ప్లాటుఫారం మీద రామనాథం తిరుగుతూ కనపడ్డాడు. అమ్మగార్లు ఎక్కిన రైలు అట్లే పోయిందని జట్కావాడు అంగడికి ఉరికివచ్చి చెప్పాడట. ఆయన అప్పటి నుంచి అంగడి మూసుకుని స్టేషనులోనే ఉన్నాడు. భార్యను చూడగానే ఆయన ముఖం మొదట తేటపడింది, తర్వాత ఎర్రబడింది.

"పోయేదుంటే చెప్పి పోవల్ల గదా!"

"రైలు మాకు చెప్పిందా?" అంది మహానందమ్మ.

శేషమ్మ ఉందని ఆయన గిర్రున తిరిగి ముందు నడిచాడు. కొంచెం దూరం నడిచాక ఆయన భుజాలు కదలడం చూసి, నవ్వుతున్నాడని ఇద్దరికీ అర్థమైంది.

మరునాడు పొద్దున, పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిపే బస్సు పొయ్యి రాజుకుని కదిలేదాకా మహానందమ్మ కిటికీ దగ్గరే నిలబడింది. ఏనాడూ ఆగని ఆమె నోటికి ఆ పూట ఒక్క మాటా రాలేదు. శేషమ్మే అదీ ఇదీ మాట్లాడింది. పొద్దున్నే మోకాళ్ళకు ఆముదం రాసుకోమంది, పెరట్లో కుండలు పగలగొట్టకుండా బోర్లించి పెట్టమంది. బస్సు కదిలాక వెనక్కి తిరిగి చూస్తే పొగలో మనిషి కనపడలేదు. పైకెత్తిన చేయి మాత్రం కనపడింది.

ఆళ్ళగడ్డలో బస్సు దిగేసరికి రంగనాథమే బండి కట్టుకుని వచ్చి ఉన్నాడు. ఎవరినైనా పంపుతాడనుకుంది గానీ ఆయనే వస్తాడని ఆమె అనుకోలేదు. తన చేతిలోని సంచి ఆయన అందుకోబోతుంటే ఆమె ఇవ్వలేదు. మహానంది సంగతి ఇంటిదాకా మోసుకుపోయే మాట కాదు. బండి ఎక్కకముందే చెప్పాలి.

"నేను మహానందికి పోయినా" అంది. "ఎవరూ తీసుకుపోలేదు. నేనే పోదామంటి. లోపలికి కూడా పోయినా."

రంగనాథం ఆమె వైపు చూశాడు. బండి కాడి మీద చేయి వేసి అట్లాగే నిలబడ్డాడు. బస్సు దిగినవాళ్ళంతా వెళ్ళిపోయారు. శేషమ్మ తల దించుకోలేదు. ఆయన ఏమన్నా పడటానికి సిద్ధంగానే ఉంది.

"మన సామికి చెప్పుకుంటివా?" అన్నాడు చివరికి.

"ఇంగా లేదు. ఇంటికి పోయి, స్నానం చేసి చెప్పుకోవల్ల."

"అయితే అది నువ్వూ ఆయనా తేల్చుకోండి. నడుమ నేనెందుకు?" అని ఆయన ఆమె చేతిలో సంచి తీసుకుని బండిలో పెట్టాడు. గడ్డి పరుపు సర్ది, ఆమె ఎక్కేదాకా ఎద్దులను పట్టుకున్నాడు.

బండి ఊరు దాటి పొలాల బాట పట్టింది. రంగనాథం ముందు కూర్చుని తోలుతున్నాడు, ముఖం ఎట్లా ఉందో ఆమెకు కనపడలేదు. కొంతదూరం పోయాక వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"ఆ ఊటనీళ్ళు చల్లగా ఉంటాయంటారు. నిజమేనా?"

"నిజమే" అంది శేషమ్మ. అంతటితో ఆపుదామనుకుంది. ఆయన ఎద్దులను అదిలించడం మాని, వినడానికన్నట్టు తల కొంచెం పక్కకు వంచాడు. ఆమె ముందుకు జరిగి కూర్చుని, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.